మూత వారోత్సవం

సోమవారం ఉదయం పదిన్నరకి మా ఆఫీసు ఆవరణలో ఆగి ఉన్న తెల్ల వ్యానులో అరవై వేల ప్రాణాలున్నాయి. నూట ఇరవై ప్లాస్టిక్ సంచులు. ఒక్కో సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతాదంతా ఊదిన ఆక్సిజన్, మూతికి రెండు మెలికలు వేసిన రబ్బరు బ్యాండు. ఆ గాలి సాయంత్రం నాలుగింటి దాకా సరిపోతుంది. నాలుగు దాటితే అరవై వేలూ వెల్లకిలా తేలతాయి.

అవి చేపపిల్లలు. మా సంస్థ పేరు జిల్లా మీనాభ్యుదయ మండలి. చెరువులకీ జలాశయాలకీ చేపపిల్లల్ని సరఫరా చేయడం మా పని. నేను అక్కడ హెడ్ గుమస్తాని.

ఆ రోజు సరుకు పెదకొండ జలాశయానికి వెళ్లాలి. అరవై కిలోమీటర్లు, అందులో ఆఖరి పద్దెనిమిది ఘాట్ రోడ్డు. రెండు గంటల ప్రయాణం. అక్కడి జాలర్ల సంఘంలో ఎనభై రెండు కుటుంబాలున్నాయి. నిరుడు మేము పంపిన పిల్లలు రెండు రోజులు ఆలస్యంగా, చచ్చిపోయి చేరాయి. ఏడాదంతా వాళ్ల వలల్లో నాచు తప్ప ఏమీ పడలేదు. ఈ ఏడాదికి ఇదే చివరి విడత. ఇదీ పోతే మళ్లీ వచ్చే వర్షాలకే.

అందుకే సంఘం అధ్యక్షురాలు మైలపల్లి గున్నమ్మ ఈసారి ఎవరినీ నమ్మలేదు. తెల్లవారగానే బస్సులో దిగి, సంచులు ఎక్కించేదాకా పక్కనే నిలబడి, ఆఖరి సంచిని ఒళ్లో పెట్టుకుని వ్యాను ముందు సీట్లో కూర్చుంది. కాఫీకి కూడా దిగలేదు.

ఆ వ్యాను కదలకపోవడానికి కారణం అరచేతిలో పట్టే ఒక నల్లటి ప్లాస్టిక్ మూత.

ఇంజిన్ మీద ఆయిల్ పోసే నోరు ఒకటుంటుంది. దానికి బిగించే మూత. ఏడు నెలల క్రితం దాకా మా మండలిలో ఎవరికీ అలాంటిదొకటి ఉందని తెలియదు. డ్రైవర్లకి తెలుసు గానీ, వాళ్లు మాతో చెప్పలేదు, మేము అడగలేదు. అప్పుడు వేరే జిల్లాలో ఒక డ్రైవరు ఆయిల్ పోసి, మూతని పిట్టగోడ మీద మరిచిపోయి, నూట నలభై కిలోమీటర్లు వెళ్లాడు. ఆయిలంతా చిమ్మిపోయి ఇంజిన్ పట్టేసింది. విచారణ జరిగింది. నివేదిక మూడు సంపుటాలు వచ్చింది. ఆ సంపుటాల్లోంచి మా ప్రధాన కార్యాలయం ‘ఇంజిన్ తైల ముఖద్వార మూత భద్రతా నియమావళి’ని తయారుచేసి పంపింది. నలభై ఆరు పేజీలు.

ఆ నియమావళి ప్రకారం ప్రతి ఆఫీసులో ముగ్గురు సభ్యుల మూత సంరక్షణ సంఘం ఉండాలి. సంఘం రోజూ ఉదయం మూతని స్వయంగా చూడాలి. మూతమీద లక్క ముద్ర వెయ్యాలి. ముద్ర పక్కన అధ్యక్షుడి ముఖం కనిపించేలా ఫొటో తీసి ‘మూతమిత్ర’ అనే యాప్‌లో పెట్టాలి. మూత తెరవాలంటే పదిహేను రోజుల ముందు నోటీసు, పూర్తి సంఘం, ఇద్దరు నిష్పాక్షిక సాక్షులు ఉండాలి. నేరం మొదట జరిగింది డ్రైవరు చేతుల్లో కాబట్టి డ్రైవరు మూతని ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడదు. ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడాలి. దానికోసం నేలమీద సుద్ద గీత గీయాలి.

ఇన్ని పేజీల్లోనూ మూత అనే మాట ఎనిమిది వందల పన్నెండు సార్లు వస్తుంది. నేనే లెక్కపెట్టాను. ఆయిల్ ప్రస్తావన మాత్రం పేరులో ఉన్న తైలం దగ్గరే ఆగిపోయింది.

మా ఆఫీసు సంఘానికి అధ్యక్షులు ఉప సంచాలకులు పంతుల విశ్వపతి గారు. నేను సభ్యుణ్ని. సాంకేతిక సభ్యురాలు నెమలికంటి సుభద్ర. ఆవిడ పని చేపల్ని తూకం వెయ్యడం. అయితే ఆవిడ హోదాలో సాంకేతిక సహాయకురాలు అని ఉంది కాబట్టి ఇంజిన్ గురించి తెలియదని ఆవిడ ఎంత చెప్పినా కుదరలేదు.

ఆరు నెలల్లో మా జిల్లా మూత భద్రతా సూచికలో రాష్ట్రంలోనే మొదటి స్థానానికి వచ్చింది. నూట ఎనభై రోజులు, నూట ఎనభై ఫొటోలు, ప్రతి ఫొటోలోనూ విశ్వపతి గారి చిరునవ్వు, పక్కన చెక్కుచెదరని లక్క. ఈ కాలంలో మా డ్రైవరు పోలినాయుడు నాకు ఆరు అర్జీలు ఇచ్చాడు. ఆరింటికీ నేను జవాబు రాశాను. ఆ అర్జీల సంగతి తర్వాత చెబుతాను. అప్పుడు నేనూ వాటిని పూర్తిగా చదవలేదు.

ఆ సోమవారం మూత వారోత్సవానికి తొలిరోజు. గేటుకి ఫ్లెక్సీ కట్టాము. వ్యాను బానెట్ ఎత్తి, మూతకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చుట్టూ బంతిపూల దండ వేశాము. చేపపిల్లల బండి బయల్దేరే సమయమూ అదే కావడంతో రెండు కార్యక్రమాలూ కలిపేశారు విశ్వపతి గారు. పట్టు చొక్కా వేసుకుని, కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నారు.

మామూలుగా ఏ బండికైనా కాయ ముందు చక్రం పక్కన రాయి మీద కొడతారు. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఆయన కూడా రాయి వైపే వంగారు.

అప్పుడు సుద్ద గీత అవతల చేతులు కట్టుకుని నిలబడ్డ పోలినాయుడు గొంతు సవరించుకున్నాడు.

“బాబూ, ఓ మాట సెప్పొచ్చేటండి? ఈ వారం మూతది గదా. రాయి మీద కొట్టీసిన కాయ రాయికే సెందుతాది గాని మూతకెలాగ సెందుతాదండి?”

విశ్వపతి గారు వంగినవారు వంగినట్టే ఆగి ఆలోచించారు. “సముచితమైన సూచన. నమోదు చేయండి” అన్నారు. ఎవరి సూచనగా రాయమంటారని అడిగాను. క్షణం తటపటాయించి, అధ్యక్షుల సూచనగా రాయమన్నారు. రాశాను.

ఆయన కాయని ఎత్తి మూత మీద కొట్టారు. లక్క ముద్ర ఎగిరి బంతిపూలలో పడింది. కాయ పగల్లేదు. ఆరు నెలల ఫొటోలు గుర్తొచ్చాయో ఏమో, ఆయన ముఖం ఎర్రబడింది. రెండో దెబ్బకి దండ తెగింది. మూడో దెబ్బ ఆయన రెండు చేతులతో కొట్టారు. కాయ రెండు చెక్కలైంది. మూత కూడా.

మూత పైభాగం మూడు ముక్కలై బానెట్ లోపల ఎక్కడో పడింది. మర ఉన్న కింది భాగం ఇంజిన్ నోట్లోనే బిగుసుకుని, నిలువునా చీలి మిగిలింది. కొబ్బరినీళ్లు ఇంజిన్ మీదుగా కారుతుంటే పోలినాయుడు భుజమ్మీది తువ్వాలు తీసి, గీత దాటకుండా, ఒకటిన్నర మీటర్ల దూరం నుంచే ఆ నోటి మీదికి విసిరాడు. సూటిగా పడింది.

వారోత్సవం ఫొటోలు తీస్తున్న సుభద్ర అలవాటు కొద్దీ ఇంకోటి తీసి యాప్‌లో పెట్టేసింది. అందులో కొబ్బరి చెక్కలు పట్టుకున్న విశ్వపతి గారి చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

పోలినాయుడు ఖాకీ చొక్కా జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. దాన్లో కొత్త మూత ఉంది. పోయిన నెలలోనే కొన్నాడట. “ఒక్క నిమిషం పనండి. పాతది తీసీడం, నోరు తుడిసీడం, కొత్తది బిగించీడం. బేగెల్లిపోవచ్చు” అన్నాడు.

“చోదకుడు మూతను స్పర్శించుట పన్నెండవ నిబంధన రీత్యా నిషిద్ధం,” అన్నారు విశ్వపతి గారు. “అదియును గాక, అది ప్రైవేటు మూత. మండలి వాహనమునకు మండలి మూతయే ఉండవలెను.”

మండలి మూత కేంద్ర గోదాము నుంచి రావాలి. దానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. నేను ఆ మాట చెప్పాను. చీలిక మూతతో అలాగే వెళ్లిపోతే ఏమవుతుందని సుభద్ర అడిగింది. ఘాటీ మొదలవగానే ఉన్న ఆయిలంతా పైకి చిమ్ముతుందనీ, వేడి గొట్టాల మీద పడి పొగొస్తుందనీ, పది కిలోమీటర్లలో బండి ఆగుతుందనీ పోలినాయుడు చెప్పాడు.

ముందు సీట్లోంచి గున్నమ్మ తల బయట పెట్టింది. “ఏటి బాబూ, బండి కదల్దేటి?”

నేను వివరించాను. నియమావళి, పన్నెండో నిబంధన, ఇరవై ఒక్క రోజులు. ఆవిడ శ్రద్ధగా విని, ఒళ్లో సంచివైపు చూపించింది.

“ఈ పిల్లలకి నాలుగంట్లకి గాలైపోద్ది. మీ కాయితాల సంగతి ఈటికి నాను సెప్పాలా, మీరు సెప్తారా?”

టైము పదకొండయింది.

ఏ నష్టం జరిగినా అరగంటలో మూతమిత్రలో నమోదు చెయ్యాలి. లేకపోతే యాప్ తనంతట తానే ప్రధాన కార్యాలయంలో గంట మోగిస్తుంది. విశ్వపతి గారు ఫోన్ తీశారు. మూత నష్టానికి కారణం అని అడిగి, యాప్ మూడు జవాబులు చూపించింది. దొంగతనం, చోదకుడి నిర్లక్ష్యం, ప్రకృతి వైపరీత్యం.

ఆయన వేలు రెండో జవాబు మీద ఆగింది. పోలినాయుడు గీత అవతలే నిలబడి ఉన్నాడు. అతనికి ఇంకా పదకొండేళ్ల సర్వీసుంది.

“అది కుదరదు సార్,” అంది సుభద్ర. “నేను పెట్టిన ఫొటో ఉంది. అందులో డ్రైవరు గీత అవతల ఉన్నాడు. కాయ మీ చేతుల్లో ఉంది.”

దొంగతనం అనడానికీ వీల్లేదు, ముక్కలన్నీ అక్కడే ఉన్నాయి. మిగిలింది ఒక్కటే. విశ్వపతి గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. కొబ్బరికాయ ప్రకృతి ప్రసాదించినదే కదా అన్నారు. అది పైనుంచి కిందికి వచ్చిందనీ, మామూలుకన్నా వేగంగా వచ్చిందనీ కూడా అన్నారు. నేను ముసాయిదా రాశాను. ‘ఆకాశ దిశ నుండి అమితవేగమున అరుదెంచిన సహజ పదార్థపు తాకిడి.’ ఆయన సంతకం పెట్టి, మూడో జవాబు నొక్కారు.

యాప్ అక్కడితో ఆగలేదు. బాధితుల సంఖ్య అడిగింది. సున్నా వేస్తే తీసుకోలేదు. ఒకటి వేసినా తీసుకోలేదు. విపత్తు అన్నాక కనీసం వందమంది ఉండాలట.

“అరవై వేలు రాయండి,” అంది గున్నమ్మ సీట్లోంచి.

ఆ సమయానికి మా దగ్గర అంతకంటే నమ్మదగ్గ అంకె లేదు. అదే వేశాము.

నాలుగు నిమిషాల్లో ప్రధాన కార్యాలయం విపత్తు విభాగం నుంచి ఫోన్ వచ్చింది. నా పాతికేళ్ల ఉద్యోగంలో నాలుగు నిమిషాల్లో వచ్చిన జవాబు అదొక్కటే. స్పీకర్ పెట్టాము. అవతలి గొంతు గంభీరంగా ఉంది.

“అరవై వేలమంది బాధితుల ప్రస్తుత స్థితిగతులు నివేదించవలసినది.”

“నీళ్లలో ఉన్నారండి,” అన్నారు విశ్వపతి గారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

“అందరూనా?”

“అందరూ. సాయంత్రం నాలుగు వరకే ఊపిరి ఉంటుంది.”

“తరలింపు ప్రణాళిక?”

“జలాశయంలో వదలాలండి.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆ గొంతు, నిబంధనల మేరకు తగు చర్యలు గైకొనవలసిందని చెప్పి పెట్టేసింది. ఆ విభాగంలో ఎవరికీ తెలియని విషయానికి ఇచ్చే జవాబు అదే.

పన్నెండింటికి విపత్తు చర్యలు మొదలయ్యాయి. వంద మీటర్ల పరిధిలో ఉన్న జనాన్ని ఖాళీ చేయించాలి కాబట్టి ఆఫీసు ఖాళీ చేసి అందరం సైకిల్ షెడ్డులోకి వెళ్లాము. షెడ్డు ముప్ఫై మీటర్లే గానీ అంతకంటే దూరంలో నీడ లేదు. ఒంటిగంటకి ఒక జీపు వచ్చి మూడు వందల పులిహోర పొట్లాలు, రెండు లైఫ్ జాకెట్లు దింపి వెళ్లింది. పొట్లాలు సిబ్బందికి పంచాము. పులిహోరలో ఉప్పు సరిపోయింది. విశ్వపతి గారు లైఫ్ జాకెట్ వేసుకుని ఫొటో దిగారు. పట్టు చొక్కా మీద నారింజ రంగు బాగానే కుదిరింది.

గున్నమ్మ పొట్లం ముట్టుకోలేదు. వ్యాను వెనక తలుపు తీసి సంచులు ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూస్తోంది. మీది వరసలో పిల్లలు అప్పుడే పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. ఎండకి అడ్డుగా తడిపిన గోనెపట్టాలు కప్పింది. తర్వాత తిన్నగా సైకిల్ షెడ్డులోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“గుమస్తా బాబూ. మొన్న వరదొచ్చినప్పుడు మీ వోళ్లొచ్చి నా పడవ పట్టుకెల్లిపోనారు. నన్నడగనేదు. ఇదేటని నానడిగితే రూలన్నారు. ఆపదొస్తే ఎవులి వొస్తువైనా తీసీసుకోవొచ్చట. ఆ రూలు ఉందేటి, పోనాదేటి?”

రూలు ఉంది. విపత్తు నిర్వహణ కరదీపిక, తొమ్మిదో అధ్యాయం. నేను ఆఫీసులోకి పరిగెత్తాను. ఖాళీ చేయించిన భవనంలోకి అనుమతి లేకుండా ప్రవేశించినందుకు తర్వాత నాకు మెమో వచ్చింది, అది వేరే సంగతి. పుస్తకం తెచ్చి విశ్వపతి గారి ముందు పెట్టాను. విపత్తు వేళ బాధితుల రక్షణార్థం ఏ ప్రైవేటు వస్తువునైనా సంస్థ స్వాధీనం చేసుకోవచ్చు. పడవ, బండి, తాడు, ‘తదితరములు’.

విశ్వపతి గారు తదితరములు అనే మాటని రెండుసార్లు చదివారు. లైఫ్ జాకెట్ పట్టీ బిగించుకుని లేచారు.

“చోదకుడు పోలినాయుడు జేబులో గల ఒక నల్లని మూతను ఈ క్షణము నుండి మండలి స్వాధీనపరచుకొనుచున్నది.”

పోలినాయుడు గీత మీంచి మూత అందించాడు. రసీదు ఇచ్చాను.

ఇక బిగించడం. సంఘమే చెయ్యాలి. విశ్వపతి గారు చేతులు పైకి మడిచి, చీలిన పాత మూతని పట్టుకుని బలమంతా పెట్టి తిప్పారు. కుడివైపుకి తిప్పారు. అది ఇంకా బిగుసుకుంది. సుభద్ర చేతి రుమాలు చుట్టి ప్రయత్నించింది. ఆయిల్ అంటిన మూత జారిపోతోంది. నేను ప్రయత్నించాను, నా చేతులు ఫైళ్లకి అలవాటుపడినవి. టైము ఒకటీ ఇరవై అయింది. ఇంకో పావుగంటలో బయల్దేరకపోతే సంచులు విప్పేలోపే నాలుగు కొడుతుంది.

గున్నమ్మ ముందు సీట్లోని తన సంచి తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

“డ్రైవరు ముట్టుకోకూడదన్నారు. నాను డ్రైవర్ని కాను. బాధితులు ముట్టుకోకూడదని రాసుందేటి?”

నేను నలభై ఆరు పేజీలూ మనసులో తిరగేశాను. రాసి లేదు.

పోలినాయుడు సుద్ద గీత చివరిదాకా వచ్చి నిలబడి, గున్నమ్మని తమ వైపు అక్కని పిలిచినట్టే పిలిచాడు. “అప్పా, ఎడం పక్కకి తిప్పు. ఒక్కసారి ఊపు, వలముడి ఇప్పినట్టు. జోరుగా వొద్దు, చీలినాది గదా, లోన పడిపోద్ది.”

ఆవిడ రెండు వేళ్లూ బొటనవేలూ పెట్టింది. ముప్ఫై ఏళ్లుగా తడితాళ్ల ముడులు విప్పిన చెయ్యి. మూత కిర్రుమని ఒక మెలిక తిరిగి, చేతిలోకి వచ్చేసింది. లోపలికేమైనా పెంకు పడిందేమో చూడమన్నాడు పోలినాయుడు. ఆవిడ పడలేదంది. నోటి చుట్టూ పొడిగుడ్డతో తుడవమన్నాడు. తుడిచింది.

“మూత పెట్టీకముందు, ఆ పక్కన పసుపు పిడి ఉన్న పుల్లుంది సూడప్పా. ఓపాలి లాగు.”

అది ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల. గున్నమ్మ లాగి ఎండకి పెట్టి చూసింది. పుల్ల కొసన కాటుక బొట్టంత నలుపు తప్ప ఏమీ లేదు.

“ఇదేటి నాయినా. నూనెండిపోనాది.”

పోలినాయుడు నా వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చాయి నాకు ఆ ఆరు అర్జీలు. ఒక్కొక్కటీ ఒక్కో నెలది. ఆరింటిలోనూ ఒకటే విన్నపం. బండి పాతది, ఆయిల్ తాగేస్తోంది, ముద్ర తీసి మూత తెరిస్తే పోసుకుంటాను. మొదటిదానికి సాక్షులు దొరకలేదని రాశాను. రెండోదానికి నోటీసు గడువు చాలలేదని. మూడోది పరిశీలనలో ఉందని. ఆరోది శనివారం ఇచ్చాడు, దానికొక వాక్యం ఎక్కువుంది. ‘ఇలాగే ఘాటీ ఎక్కితే సోమవారం ఇంజిన్ పట్టేయును.’ దానికి, మూత ముద్ర చెక్కుచెదరలేదని ఫొటో జతచేసి జవాబిచ్చాను.

సీటు కింద అయిదు లీటర్ల ఆయిల్ డబ్బా ఉందని చెప్పాడు పోలినాయుడు. అతను చెప్పేముందే గున్నమ్మ దాన్ని బయటికి లాగింది.

“తైలము పోయుటకు నియమావళిలో అనుమతి ఉన్నదా?” అన్నారు విశ్వపతి గారు.

అనుమతి లేదన్నాను. నిషేధమూ లేదన్నాను. తైలం గురించి అందులో ఏమీ లేదన్నాను. ఆయన నమ్మలేదు. సుభద్ర కూడా పేజీలు తిప్పి చూసి అదే చెప్పింది. ఈలోగా గున్నమ్మ పోయడం మొదలుపెట్టేసింది.

మూడున్నర లీటర్లు పట్టింది. పోలినాయుడు మధ్యలో రెండుసార్లు ఆపించి పుల్ల చూపించుకున్నాడు. తర్వాత కొత్త మూత అడుగున రబ్బరు వాషరు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడమన్నాడు. కూర్చుంది. కుడివైపుకి తిప్పమన్నాడు. టక్‌మని ఆగింది. తనే వెళ్లి బండి స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఉంచి, మూత చుట్టూ చెమ్మ వస్తోందేమో చూడమన్నాడు. రాలేదు.

విశ్వపతి గారు లక్క కరిగించమన్నారు.

“లక్క రేపేసుకుందురు గాని బాబూ,” అని బానెట్ దించేసింది గున్నమ్మ.

ఒకటీ ముప్ఫై నాలుగుకి బయల్దేరాము. మూత పరిశీలకుడి హోదాలో నేనూ ఎక్కాను. ఒళ్లో సంచి ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాను. అయిదు వందల పిల్లలు, ఒక్కొక్కటి చిటికెనవేలంత, నా పొట్టకి తగిలేలా కదులుతున్నాయి. ఆరు నెలలుగా నేను ఫొటో తీయించిన మూతని తలుచుకున్నాను. ఘాటీ పదకొండో మలుపు దగ్గర పోలినాయుడు మీటర్లవైపు చూడటం మానేసి రోడ్డు చూడటం మొదలుపెట్టాడు. దాన్నిబట్టి భయం లేదని అర్థం చేసుకున్నాను.

మూడున్నరకి జలాశయం చేరాము. ఒడ్డున ఎనభై రెండు కుటుంబాలవాళ్లూ మోకాళ్ల లోతు నీళ్లలో బారులు తీరి నిలబడి ఉన్నారు. సంచులు చేతులు మారుతూ వెళ్లాయి. వెంటనే విప్పకూడదట. సంచిలో నీళ్లకీ జలాశయం నీళ్లకీ వేడి సమానమయ్యేదాకా తేలనివ్వాలి. పావుగంట తేలనిచ్చారు. ఆ పావుగంటలో నేను వాచీ ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు. మూడూ యాభై రెండుకి గున్నమ్మ నా చేతిలోంచి ఆఖరి సంచి తీసుకుని, రబ్బరు బ్యాండు విప్పి, నీళ్లలోకి వంచింది. ఒక్క క్షణం అవి అక్కడే ముద్దగా ఆగాయి. మరుక్షణం లేవు.

చచ్చి తేలినవి నలభై మూడు. గున్నమ్మ లెక్కపెట్టి చెప్పింది, నిష్ఠూరం మాత్రం ఆడలేదు. పోలినాయుడికి ఎండుచేపల మూట ఒకటి, కాసేపు ఆలోచించి నాకొకటి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో పోలినాయుణ్ని ఘాటీ దిగాక అడిగాను. కొత్త మూత పోయిన నెలలో ఎందుకు కొన్నావని. పాతది పగుల్తుందేమోననిపించిందన్నాడు. మరి ఆయిల్ డబ్బా సీటు కిందికి ఎప్పుడొచ్చిందని అడిగాను. శనివారం, నా జవాబు అందిన సాయంత్రం అన్నాడు.

“కొబ్బరికాయ ఎవరు కొన్నారు నాయుడూ?”

అతను గేరు మార్చాడు.

“ఎవులు కొన్నారో ఫైల్లో ఉందేటండి?”

“లేదు.”

“కాయ మూత మీద కొట్టమని సూచనెవులిదో?”

“అధ్యక్షులదని ఉంది.”

“ఉండనీండి బాబూ. మంచి ఫైలది.”

మర్నాడు నివేదిక రాశాను. పాతికేళ్లుగా రాస్తున్నట్టే, జరిగినదంతా జరిగినట్టే రాశాను. అధ్యక్షుల వారు తమ సొంత సూచన మేరకు కొబ్బరికాయతో మూతను ఛేదించుట, తద్వారా ఇంజిన్ నందు తైలము లేమి బయల్పడుట, అరవై వేల బాధితులలో యాభై తొమ్మిది వేల తొమ్మిది వందల యాభై ఏడుగురు రక్షింపబడుట.

ప్రధాన కార్యాలయంలో ఆ నివేదికని చదివారు. చదవడమే కాదు, మిగతా జిల్లాలతో పోల్చి చూశారు. ఆ ఒక్క నెలలోనే, మాలాంటి పాత వ్యాన్లున్న మిగతా తొమ్మిది జిల్లాల్లోనూ అవి ఇంజిన్ పట్టేసి ఆగిపోయాయి. తొమ్మిదింటికీ లక్క ముద్రలు చెక్కుచెదరలేదు. నడుస్తున్నది మా వ్యాను ఒక్కటే. మిగతావాటిలో లేనిదీ మా దాంట్లో ఉన్నదీ ఏమిటని నిపుణుల సంఘం రెండు వారాలు పరిశీలించింది. తేడా ఒక్కటే కనిపించింది.

కొత్త నియమావళి అరవై రెండు పేజీలు. ప్రతి నెల మొదటి సోమవారం రాష్ట్రంలోని ప్రతి ఆఫీసులో అధ్యక్షులు స్వయంగా కొబ్బరికాయతో మూతను పగలగొట్టవలెను. కాయ బరువు ఆరు వందల గ్రాములకు తగ్గరాదు. మూడు దెబ్బలకు మించరాదు. పిమ్మట మూతను స్వాధీనము ద్వారా భర్తీ చేయవలెను. పాత నియమాలన్నీ యథాతథం. సుద్ద గీత కూడా. అన్ని పేజీలూ చదివాను. ఆయిల్ అనే మాట ఇందులోనూ లేదు. విశ్వపతి గారికి జ్ఞాపిక వచ్చింది. ఇత్తడి కొబ్బరికాయ మీద ఇత్తడి మూత.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. మొన్న మొదటి సోమవారం కూడా పోలినాయుడు గీత అవతల నిలబడి, చంకలోని సంచిలోంచి కొబ్బరికాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, నాకు అందించాడు. అతని ఎడం జేబు కొత్త మూత డబ్బాతో ఉబ్బెత్తుగా ఉంది. సీటు కింద ఆయిల్ ఉందని నాకు తెలుసు. నేను సీటు కింద చూడను.

“నియమావళి ప్రకారము ఉన్నదా?” అని అడిగారు విశ్వపతి గారు, చొక్కా చేతులు మడుచుకుంటూ.

“ముదురుదేనండి,” అన్నాడు పోలినాయుడు. “రెండు దెబ్బల్లో అయిపోద్ది.”

రెండు దెబ్బల్లోనే అయిపోయింది. రిజిస్టరులో రాశాను. మూత పగిలినది. ఇంజిన్ నిండుగా ఉన్నది. మూత భద్రత నూరు శాతం.